గైడ్‌లో మా రమేశ్ ఫోటో

అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్లు మనకు దగ్గర్లో ఎక్కడున్నాయో చూపించే ఒక ఆన్‌లైన్ గైడ్ ఉంది. ఇన్నాళ్లూ అది నాకు హైదరాబాదునే చూపించేది. ఈ మధ్యాహ్నం మొదటిసారి మా పక్కనే ఉన్న మడికొండ పేరు కనబడింది. సంతోషం పట్టలేక, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా దోస్తు రమేశ్‌కు వెంటనే ఫోన్ చేశాను. మన దగ్గర అలాంటిది తెరిస్తే మొదటి గ్లాసు ఇద్దరం కలిసే తాగాలని ఎప్పుడో అనుకున్నాం.

"అవునా! నాకు తెల్వనే తెల్వదురా. జర డ్యూటీ చూసుకొని చెప్త" అన్నాడు.

వాడు మాట్లాడుతుండగానే గైడ్‌లో ఫోటోలు చూశాను. నాలుగో ఫోటోలో మీసానికి నురగతో నవ్వుతున్నవాడు రమేశే. పక్కన మా బ్యాచ్ మొత్తం ఉంది, నేను తప్ప.

"మరి ఈ ఫోటోల ఉన్నదెవరురా?" అని అడిగాను.

వాడు మెల్లగా అన్నాడు: "ఏమనుకోకురా. నువ్వు కెమిస్ట్రీ సారువి. నువ్వొస్తె బార్లీ ఎట్ల పులుస్తదో గంటసేపు చెప్తవు. మేం తాగనీకి పోయినం, క్లాసు విననీకి కాదు."

ఫోటో కింద వాడు రాసిన రివ్యూ కూడా చదివాను. బార్లీ పులవడం గురించి అందులోని ప్రతి ముక్కా ఇదివరకు నేను చెప్పిందే. లైకులు బాగానే వచ్చాయి.

"ఈ ఆదివారం రా, మళ్ల పోదాం" అని బతిమాలాడు. రానని చెప్పి పెట్టేశాను. కానీ సాయంత్రం మంచి షర్టొకటి ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను. మీరైతే ఏం చేసేవారు?