పసుపు గుడ్డ కట్టిన మడి

పదేళ్ళు దాటింది. నిన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. సగం చెప్పాను, ఒకరిద్దరికి. నా తప్పు లేని సగం. మిగతా సగం గుండె మీద బరువులా అలాగే ఉండిపోయింది. బడిలో పాఠాలు చెబుతున్నంతసేపూ మర్చిపోతాను. మాఘమాసం వచ్చేసరికి మాత్రం మనసు మనసులో ఉండదు. ఇంట్లో ఎవరైనా సముద్రస్నానం మాట ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. అక్కడ నాకేం పని ఉండదు. ఊరికే గిన్నెలు సర్దుతాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్ళయితే నా ముఖం చూసి జాలిపడతారు. జాలి నాకు వద్దు. నా పేరు ఇక్కడ రాయడం లేదు. పిరికితనం అంటారా, అనండి. కానీ చెప్పాల్సిన చోట మాత్రం నా పేరుతోనే, నా నోటితోనే చెబుతాను. అది నిశ్చయించుకున్నాకే ఇది రాయడం మొదలుపెట్టాను.

మాది నర్సీపట్నం. డెబ్బైల చివర్లో అక్కడి ఒక బడిలో సైన్సు టీచరుగా ఉండేదాన్ని. అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. అత్తవారిది పెద్ద కుటుంబం. మా వారి అన్నగారు, అంటే మా బావగారు, ఇంటికి పెద్ద. ఆయన మాటే మాట. చలికాలంలో సెలవురోజుల్లో చేసే పని ఒకటి ఉందని నాకు చదువు చెప్పిన మేష్టారు కబురు పెట్టారు. విశాఖపట్నంలోని గవర్నమెంటు చేపల శాఖ కోసం సముద్రం ఒడ్డున చిప్పల లెక్క తీసే పని. బావగారు ముందు ససేమిరా అన్నారు. ఇంటి కోడలు మోకాలి లోతు బురదలో దిగడం ఏమిటన్నారు. చివరికి మా వారు బతిమాలితే, ఏదైనా మాట వస్తే అదే రోజు మానేయాలనే షరతు మీద ఊ అన్నారు. ఆ షరతు గుర్తుపెట్టుకోండి. నేను ఆ తరువాత చేసిన ప్రతి పనీ దానికి భయపడి చేసిందే.

అడ్డరోడ్డు దాకా బస్సు. అక్కడి నుంచి దొరికితే రిక్షా, లేకపోతే నడక. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక చిన్న పల్లె ఉంది, వేట మీద బతికే ఊరు. ఆ ఊరి వెనక ఏటి మొగలో ఒక దిబ్బ ఉండేది. అమావాస్యకీ పున్నమికీ నీరు బాగా తీసినప్పుడు బయటపడేది. దాని నిండా చిప్పలే, లోపలి మాంసం కూర వండుకునేవి. ఊళ్ళో ఆడవాళ్ళు చిన్న పడవలో కూర్చుని దిబ్బ మీదికి వచ్చి, కూరకి సరిపడా ఏరుకుని పోయేవారు. పిక్నిక్కులకీ స్నానాలకీ వచ్చే పట్నంవాళ్ళు కూడా సరదాకి బకెట్ల కొద్దీ తవ్వుకుపోయేవారు. దిబ్బ మీద ఎన్ని పెరుగుతున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్నది చూడటమే నా పని. నాలుగు పలకల ఇనపచట్రం ఒకటి ఇచ్చారు. దాన్ని బురద మీద పడేయాలి. అందులో పడ్డ చిప్పల్ని తీసి, కొలిచి, మళ్ళీ అక్కడే పెట్టేయాలి. వచ్చినవాళ్ళని ఏం పట్టుకెళుతున్నారో అడగాలి.

ఇంకొకటి. దిబ్బ మీద ఒక మూల కొంత నేల ఎవరూ ముట్టుకోకుండా వదిలేయాలి. మనిషి చెయ్యి పడకపోతే చిప్పలు ఎలా పెరుగుతాయో పోల్చి చూడటానికి. నాలుగు వెదురుకర్రలు పాతి తాడు కట్టాను. లాభం లేకపోయింది. ఆడవాళ్ళు తాడు కింద నుంచి దూరి మామూలుగానే ఏరుకున్నారు. వద్దని చెబితే నవ్వారు.

అప్పుడు నాకొక తెలివైన ఉపాయం తట్టింది. తెలివైనదనే అనుకున్నాను ఆనాడు. పాత ధోవతి చింపి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలతో కలిపి ఆ కర్రలకి కట్టాను. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. గంగమ్మకి మొక్కుకున్నానని నేను చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. ఆ తరువాత దిబ్బ మీదికి వచ్చిన ఏ ఆడమనిషీ ఆ మూలకి వెళ్ళలేదు. కొందరు దూరం నుంచే దణ్ణం పెట్టుకునేవారు. నేను లోలోపల మురిసిపోయాను. చదువుకున్నదాన్ని కదా, ఎంత సులువుగా పని జరిపించుకున్నాను అని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

నూకాలమ్మ సంగతి చెప్పాలి. నలభై దాటిన మనిషి. మొగుడు లేడు. గొంతు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. నేను కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని బురదలో అడుగులేస్తుంటే, టీచరమ్మ పెళ్ళిపీటల మీదికి నడుస్తోందని పడవలో అందరికీ వినిపించేలా వెక్కిరించేది. చీర ఎలా బిగించి కట్టుకోవాలో దగ్గరికి వచ్చి తనే చూపించింది. నేను తెచ్చుకున్న పెరుగన్నం చూసి, ఇది తిని ఎలా నిలబడుతున్నావని తన చేపలపులుసు కొంచెం ఆకులో పెట్టేది. మిగతావాళ్ళు నన్ను చూసి ఒదిగిపోయేవారు. ఆవిడ ఒక్కతే నన్ను పక్కింటి పిల్లలా చూసింది. ఆ ఊరి ఆడవాళ్ళలో నాకు పేరు తెలిసింది ఆవిడ ఒక్కదానిదే. తరువాత ఒకరోజు నా నోట ఆవిడ పేరే రావడానికి కారణం కూడా అదే, ఇంకేమీ లేదు.

రెండో ఏడు మాఘ పౌర్ణమికి మా ఇంటిల్లిపాదీ సముద్రస్నానానికి బయలుదేరారు. నా పని కూడా ఆ రోజే. స్నానాలు అయ్యాయి. పులిహోర తిన్నారు. మధ్యాహ్నం నీరు తీసింది. కోడలు ఇన్నాళ్ళుగా ఇక్కడేం వెలగబెడుతోందో చూద్దామని బావగారు సరదాపడ్డారు. పొంగిపోయాను. ఆయన నా పని గురించి అలా అడగడం అదే మొదటిసారి. జనమంతా సముద్రం వైపు ఉన్నారు. ఊరివాళ్ళు కూడా కొబ్బరికాయలు అమ్ముకుంటూ అటే ఉన్నారు. నీరు తీసిన బురదలో నడుచుకుంటూ దిబ్బ మీదికి చేరాం. అక్కడ మేము తప్ప ఎవరూ లేరు. దూరంగా ఏటి అవతలి గట్టున నూకాలమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటి ముఖం పట్టి పోతోంది. అది నేను చూశాను.

మంచి చిప్పలు ఎక్కడున్నాయని బావగారు అడిగారు. నేను చూపించాను. వదిలేసిన మూలే చూపించాను. రెండు చలికాలాలుగా ఎవరూ ముట్టనిది కదా, అరచేతి నిండా వచ్చే చిప్పలు. ఆ గుడ్డలు ఏమిటని తోటికోడలు జంకింది. ఏం లేదక్కా, నేను కట్టినవే అని నవ్వాను. తాడు నా చేత్తో ఎత్తి పట్టుకున్నాను. పిల్లలూ పెద్దలూ దాని కింద నుంచి లోపలికి దూరారు. సాయంత్రానికి ఆ మూలంతా దున్నేసినట్టయింది. పిల్ల చిప్పల్ని కూడా వదల్లేదు. కొంచెం చాలండి అని ఒక్కసారి అన్నాననుకుంటాను. నిజంగా అన్నానా? ఏమో. అన్నానని అనుకోవడం నాకిష్టమేమో.

ఆ చిప్పల గతి కూడా వినండి. పౌర్ణమి కదా, ఆ రోజు ఇంట్లో నీచు వండరు. బకెట్లలో పోసి పెరట్లో పెట్టారు. మర్నాటికి కంపు కొట్టాయి. అత్తగారు ముక్కు మూసుకుని అన్నీ తీసుకెళ్ళి కాలవలో పారబోయించారు. ఒక్కటి కూడా ఎవరి నోట్లోకీ పోలేదు.

కొద్దిరోజులకి విశాఖపట్నం నుంచి ఆఫీసరుగారు జీపులో వచ్చారు. ఆ మూల చూసి ఆయన ముఖం మాడిపోయింది. ఇది ఎవరి పని అని అడిగారు. ఊరి పెద్దలు నలుగురు చేరారు. పడవ దిగిన ఆడవాళ్ళు కూడా నిలబడ్డారు. మా వాళ్ళే అని చెబితే నా పని పోతుంది. సంగతి ఇంటికి చేరితే బావగారి పరువు, ఆ తరువాత నా సంసారం. ఇదంతా రెప్పపాటులో లెక్క వేసుకున్నాను. అంత వేగంగా మరే మంచి పనికీ నా బుర్ర పనిచెయ్యలేదు.

"పౌర్ణమి రోజున నూకాలమ్మ బుట్టతో వెళుతుంటే చూశాను" అన్నాను.

అబద్ధం కాదు చూడండి. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. ఇన్నేళ్ళూ దాన్ని పట్టుకునే వేలాడాను.

నూకాలమ్మ ముందు నవ్వింది, నేనేదో హాస్యమాడుతున్నాననుకుని. తరువాత చుట్టూ ఉన్న ఆడవాళ్ళ ముఖాలు చూసింది.

"ఏటి టీచరమ్మా, నన్నేటి? గంగమ్మ మడిలో నాను సెయ్యెడతానేటి?"

నేను తల దించుకున్నాను.

"ఓ తల్లీ, ఎండకి నీ కళ్ళు సెదిరుంటాయి. బాగా గేపకం సేసుకుని సెప్పు. నన్ను సూసినావా?"

"చూశాను" అన్నాను.

అంతే. ఆఫీసరుగారు ఇకమీదట జాగ్రత్తగా ఉండమని చెప్పి జీపెక్కారు. ఆయన దృష్టిలో అది నాలుగు చిప్పల గొడవ. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. పేదమనిషిని చిప్పల కోసం ఎవరేమంటారు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు అని.

కానీ ఊరు విన్నది వేరు. గవర్నమెంటు చిప్పలు కాదు, గంగమ్మకి విడిచిన నేల దోచుకుందని విన్నారు. అలా వినేలా చేసింది నా పసుపు గుడ్డే. అమావాస్యకి వెళ్ళేసరికి పడవలో ఆడవాళ్ళంతా ఒక కొసన ఒకరి మీద ఒకరు పడేలా ఇరుక్కుని కూర్చున్నారు. రెండో కొసన నూకాలమ్మ ఒక్కతే. ఆ తరువాతసారి ఆవిడని పడవే ఎక్కించుకోలేదు. ఆ ఏడు వేట సరిగా పడలేదు. అదీ ఆవిడ వల్లనే అన్నారు. అమ్మవారి పండగకి ఆడవాళ్ళు వరసగా ముర్రాటలని పసుపునీళ్ళ కుండలు మోసుకెళ్ళి అమ్మవారికి పోస్తారు. ఆ వరసలోంచి ఆవిడని చెయ్యి పట్టుకుని పక్కకి లాగేశారని విన్నాను. కుండతో సహా.

అప్పుడైనా చెప్పొచ్చు. రెండు మాటలు చాలు. అది గంగమ్మ మడి కాదు, నేను కట్టిన గుడ్డ అని ఒకటి. తవ్వింది మా వాళ్ళే అని రెండోది. మొదటి మాట చెప్పినా ఆవిడ నిలబడేది. దానికి మా ఇంటి పరువుతో పని కూడా లేదు. మరి అది కూడా ఎందుకు చెప్పలేదు? గుడ్డ గుట్టు విప్పితే మళ్ళీ ఎవరూ ఆ మూలని లెక్కచెయ్యరు, పని పాడవుతుందని. నమ్ముతారా? ఆవిడ ఊళ్ళో తలెత్తుకు తిరగలేకపోతుంటే నేను చిప్పల కోసం చూసుకున్నాను. పండగ అయ్యాక ఆవిడ ఇల్లు వదిలేసి నక్కపల్లి దగ్గర చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. నేను ఇంకో రెండు చలికాలాలు అదే దిబ్బ మీద పనిచేశాను. చీర ఆవిడ నేర్పినట్టే బిగించి కట్టుకుని.

ఇన్నాళ్ళు మోసిందాన్ని ఇప్పుడెందుకు దించుతున్నానంటారా? ఈమధ్య అడ్డరోడ్డు బస్సుల దగ్గర ఆ ఊరి మనిషి ఒకావిడ కనబడింది. నన్ను గుర్తుపట్టింది. నూకాలమ్మ ఎలా ఉందని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. సంతలో ఎండుచేపలు అమ్ముకుంటోందట. ఎవరైనా ఆ సంగతి ఎత్తి నన్ను తిట్టబోతే నూకాలమ్మ ఒప్పుకోదట. టీచరమ్మ అబద్ధమాడే మనిషి కాదు, ఎండకి పొరబడింది, అంతేనంటుందట.

బస్సు వచ్చింది. ఎక్కలేకపోయాను. అక్కడే రాతిబల్ల మీద కూలబడ్డాను. తిట్టుంటే తట్టుకునేదాన్ని. నేను ఆవిడని ఊళ్ళోంచి వెళ్ళగొట్టాను. ఆవిడ ఇన్నేళ్ళూ పరాయి ఊళ్ళో కూర్చుని నన్ను వెనకేసుకొస్తోంది.

ఇంట్లో నిన్న చెప్పేశాను. పెద్దవయసు వచ్చిన బావగారి ఎదురుగానే చెప్పాను. ఎప్పటివో చిప్పలు, ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకన్నారాయన. ఎవరి అనుమతీ అడగడానికి చెప్పలేదని, వెళుతున్నానని చెబుతున్నానని అన్నాను. నాకే ఆశ్చర్యం వేసింది.

ఈ ఆదివారం నక్కపల్లి వైపు వెళతాను. సంతలో అందరిలో కాదు, ఆవిడ ఇంటికి. పొరబడలేదని చెబుతాను. గుడ్డ కట్టింది నేను, తాడెత్తింది నేను, తవ్వింది మా వాళ్ళు, తెలిసే నీ పేరు చెప్పానని చెబుతాను. ఆవిడ సరేనంటే ఆ ఊరికీ వెళ్ళి ఆడవాళ్ళందరి ముందూ ఇదే చెబుతాను. సరేననకపోతే, రావద్దంటే, అదీ ఆవిడ ఇష్టమే. క్షమించమని మాత్రం అడగను. అడిగితే కాదనలేక క్షమించేస్తుందని నా భయం. అలాంటి మనిషి ఆవిడ.

ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. తప్పు తగ్గి కాదు. ఇవాళ్టికి అది నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి కాకుండా పోయింది, అందుకు. నూకాలమ్మ నన్ను తిట్టాల్సిన తిట్లు పదేళ్ళవి బాకీ ఉన్నాయి. అవి నావి. వెళ్ళి తినివస్తాను.