మార్తమ్మ మూడు చెంచాలు

పక్క ఫ్లాటులో ఎవరో పెసరపప్పు వేయిస్తున్నారు. పసిపిల్లకు ఉగ్గు కాబోలు. ఆ కమ్మటి వాసన నా ముక్కులో దూరి, సరాసరి పంతొమ్మిది వందల అరవై తొమ్మిదికి పోయి చతికిలబడింది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు దిగాం. అప్పటి దిల్‌సుఖ్‌నగర్‌లో మనుషులు పదిమంది, పల్లేరుకాయలు పది కోట్లు. మా గోడ అవతల మార్తమ్మ ఉండేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి దవాఖానలో ఆయాగా చేసేది. ఆమె అరచెయ్యి ఎంత పెద్దదంటే, అందులో ఇద్దరు పసివాళ్లు పడుకున్నా మూడోవాడు దొర్లడానికి చోటు మిగిలేది. పిల్ల కనిపిస్తే పేరు అడిగేది కాదు, నెలలు అడిగేది. ఆమె శాస్త్రమంతా ఒక్క ముక్క: “ఆర్నెల్లకు గిన్నె, ఏడాదికి పల్లెం, పదేండ్లకు కుండ.”

మా చెల్లి శ్యామల మాత్రం ఏ గిన్నే ఎరగదు. ఆడపిల్లకు అన్నప్రాశన బేసి నెలలో చేయాలి, మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. అది మా ఇంటి ఆనవాయితీ. ఐదో నెలలో ముహూర్తం పెడితే బంద్. ఏడో నెలలో పెడితే తెలంగాణ ఉద్యమంలో రైళ్లు ఆగి, మామయ్య గుంటూరులోనే ఉండిపోయాడు. ఇక తొమ్మిదో నెలే. అందాకా పిల్లకు పాలే గతి. అమ్మకు పాలు తగ్గాయి, పాలవాడు రావడమూ తగ్గింది. ఎనిమిదో నెలకు శ్యామల ఏడవడం కూడా మానేసింది.

ఒకరోజు మార్తమ్మ మా గడపలో నిలబడి నాయనమ్మతో అంది: “పెద్దమ్మా, పొల్ల మెడ నిలుపుతలేదు. జర జావన్న పొయ్యుండ్రి.”

“ముహూర్తం లేకుండానా? మేనమామ రాకుండానా? బావుంది సంబడం!”

“లొల్లి పెద్దోళ్లది, ఆకలి పొల్లది. గీమె ఎందుకు ఆగాలె?”

నాన్నగారు పేపరు వెనక దాక్కున్నారు. నాయనమ్మ తలుపు వేసేసింది.

మర్నాటి నుంచి అమ్మ సైగ చేసేది. నేను ఆడించే నెపంతో చెల్లిని ఎత్తుకుని గోడ అవతలికి పోయేవాణ్ణి. బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పిండితో మార్తమ్మ జావ కాచి, వేలితో వేడి చూసి, మూడు చెంచాలు పోసేది. “ఒక్కసారే ఎక్కువ పొయ్యొద్దు బిడ్డా. ఎండిన కడుపు, మెల్లగ అలవాటు చెయ్యాలె.” ఐదో రోజున శ్యామల చెంచా పట్టుకుని వదల్లేదు. చిగుళ్లన్నీ కనబడేలా నవ్వింది.

ఆ నవ్వు చూశాక నా కడుపులో మాట నిలవలేదు. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు అప్పుడూ రాదు. “చెల్లి కుండెడు జావ తాగేసింది నాయనమ్మా! ఇంకా కావాలని మార్తమ్మ కొంగు పట్టుకుంది!” అన్నాను. నాయనమ్మ గుండె బాదుకుంది. పసిదాని పేగులు పగిలిపోతాయంది. “మూడు చెంచాలే అత్తయ్యా” అని అమ్మ ఏడ్చింది. ఎవరూ వినలేదు. ఆ రోజు నుంచి చెల్లిని నా చేతికి ఇవ్వలేదు.

పదిహేను రోజులకు తట్టు పోసింది. వీధిలో పిల్లలందరికీ పోసింది, అందరూ లేచి తిరిగారు. శ్యామల లేవలేదు. రైళ్లు నడిచిన మొదటి రోజే మామయ్య వచ్చాడు, సంచిలో వెండి గిన్నెతో.

ఆ సాయంత్రం మార్తమ్మ గడపలో నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. పీట వేసి, పల్లీలు, బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది.

“నాకొద్దు. నేనే చెప్పేశాను, కుండెడని.”

“ఎరుకే.” నా చేతిని నా నోటి దగ్గరికి జరిపింది. “నువ్వు గూడ ఎదిగేటోడివే. తిను బిడ్డా.”

నమిలాను. చివరి పలుకు గొంతు దిగేదాకా ఆమె నా ఎదురుగా కూర్చునే ఉంది.

నా నోరు ఇప్పటికీ బాగుపడలేదు. దోమను ఏనుగు చేసి అమ్ముకునే వృత్తి నాది. నా పిల్లలిద్దరికీ మాత్రం ముహూర్తం చూడకుండా ఆరో నెల నిండగానే నేనే తినిపించాను. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ “ఎంత తిన్నాడు?” అని అడిగేది. ఒక్క మెతుకు కూడా కలిపి చెప్పలేదు.