తల ఎత్తని కాయలు

నా చిన్నప్పుడు కాయ చెట్టున పండిందంటే మా ఇంట్లో నామోషీగా ఉండేది. నూజివీడు దగ్గర ఆగిరిపల్లి మాది. ఎనభైల్లో మా నాన్న అక్కడ మామిడి తోటలు కౌలుకు చేసేవాడు. ఉడతలు కొట్టకముందే, గాలికి రాలకముందే పచ్చికాయలు దింపి, గదిలో వరిగడ్డి పరిచి మాగేసేవాళ్ళం. పదేళ్ళకే నేను కాయ వాసన చూసి ఇంకెన్ని రోజులకు పండుతుందో చెప్పేదాన్ని. ఆ గర్వమే నా కొంప ముంచింది.

పక్కింటి అక్క బళ్ళో సైన్సు టీచరు. ఏటా చలికాలం మట్టికుండీలో పాన్సీ పూలు పెంచేది. మా ఎండలకి ఆగే మొక్క కాదది, శివరాత్రి దాటితే వాడిపోతుంది. ఊదారంగు పువ్వు, మధ్యలో పసుపు, మీసాలున్న చిన్న ముఖంలా ఉండేది. పైన రెండు రేకులు, పక్కలకి రెండు, కింద వెడల్పుగా ఒకటి అని నా వేలు పట్టుకుని లెక్కపెట్టించేది. కింది రేకు మీది నల్లగీతలు పురుగులకి తేనె దారి చూపిస్తాయని, ఆ తేనె పువ్వు వెనక చిన్న తోకలో ఉంటుందని చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు మామిడిపూత అంటే చిన్నచూపు.

ఒక ఏడాది అక్క తన దగ్గరున్న గింజలన్నీ చల్లితే బతికింది ఒక్క మొక్క. శనగగింజంత కాయలు నాలుగు కాసింది. అక్క రెండు రోజుల ట్రైనింగుకి బెజవాడ వెళ్తూ వాటిని నాకు అప్పగించింది.

"ఇప్పుడు తల వంచుకుని ఉన్నాయి కదా. పండాక తలెత్తి పైకి చూస్తాయి. అప్పటిదాకా ముట్టుకోకు. తలెత్తాక కోసి డబ్బాలో వెయ్యి. ఆలస్యమైతే మూడుగా పగిలి గింజలు విసిరేస్తాయి," అంది.

విసిరేస్తాయన్న మాటే నా చెవిలో మిగిలింది. ఎక్కడ ఎగిరిపోతాయోనని ఆ సాయంత్రమే నాలుగూ కోసేశాను. ఇంకా తల వంచుకునే ఉన్నాయి. అయితేనేం, మాగేస్తే సరి అనుకుని గుప్పెడు గడ్డిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను.

అక్క వచ్చేసరికి అవి ముడుచుకుపోయాయి. ఒకదాన్ని గోటితో చీల్చింది. గోధుమరంగులో మెరవాల్సిన గింజలు తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

"మామిడికాయ చెట్టు దిగినా పండుతుంది. ఇది మొక్క మీదే పండాలి. నీకు సరిగ్గా చెప్పకుండా వెళ్ళాను, తప్పు నాదేలే," అంది. నేను తల ఊపాను.

మర్నాడు మా అమ్మ చెప్పింది. అక్క వాళ్ళమ్మ అరకులో పెంచిన పాన్సీల గింజలట అవి. ఆవిడ పోయే ముందు అక్క చేతిలో పెట్టిందట. ఏటా తీసిన గింజలే మళ్ళీ చల్లుతూ అక్క ఇన్నేళ్ళూ కాపాడుకొచ్చిందట. వెళ్ళి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని, గుమ్మం దాకా వెళ్ళి వచ్చేసేదాన్ని. వేసవిలో అక్కకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ ఖాళీ కుండీ నాకిచ్చి, ఏదన్నా వేసుకోమంది.

ఇప్పటికీ ప్రతి చలికాలం ఆ కుండీలో పాన్సీలే వేస్తాను. గింజలు నర్సరీవి. కాయ తలెత్తేదాకా దాని మీద చెయ్యి వేయను. తలెత్తినప్పుడల్లా అక్క గుర్తొస్తుంది. నిజానికి ఆవిడ నాకు సరిగ్గానే చెప్పింది. తప్పు నాదేలే అన్నప్పుడు, కాదక్కా, నాదే అనాల్సింది. ఆ రెండు మాటలు చెప్పాల్సిన మనిషికి చెప్పలేక ఇంకా నా దగ్గరే ఉంచుకున్నాను.