చప్పుడు లేని ఇంజను

మా అపార్ట్‌మెంటులో కరెంటు పోయినప్పుడల్లా కింద జనరేటరు మొదలవుతుంది. దాని పొగ మెట్లెక్కి పైకి వచ్చి, ఆరేసిన బట్టల్లోనూ మూత తీసిన అన్నం గిన్నెలోనూ చేరి కూర్చుంటుంది. చిన్ననాటి వాసన ఏదని అడిగితే జనం మల్లెపూలంటారు, తొలకరికి తడిసిన మట్టి అంటారు, అమ్మ కొంగు అంటారు. వాళ్ల అదృష్టం వాళ్లది. నా చిన్నతనమంతా డీజిల్ పొగ కంపే. ఆ కంపు తగిలితే నాకు కళ్లు చెమర్చవు, ఒళ్లు మండుతుంది. కిటికీ వేసుకుని వంట చేసుకుంటూనే, ఎప్పుడో పోయిన మనుషులతో మనసులో గొడవ పడుతుంటాను.

మా ఊరు బత్తలపల్లె దగ్గర. అక్కడ వాన వస్తే వచ్చినట్టు, రాకపోతే అడిగే దిక్కు లేదు. ఆషాఢంలో పడమటి గాలి మొదలైతే ఎర్రమట్టి లేచి నీళ్ల కుండలో, సంగటి ముద్దలో, నూనె రాసి దువ్విన తలలో చేరేది, పళ్లు కలిపితే కరకరమనేది. శ్రావణ శుక్రవారానికి ఓళిగలు చేస్తే వాటి మీద కూడా సన్నగా ఎర్రటి పొర పడేది, ఊదుకుని తినేవాళ్లం. చలికాలంలో మాత్రం కాస్త బతికినట్టుండేది. పచ్చి వేరుశనగ చెట్లను కాయలతో సహా పీకి కంపమంటలో కాల్చి, నోటి చుట్టూ మసి పూసుకుని తింటూ, గట్టు మీద అచ్చనగాయలు ఆడుకునేవాళ్లం. మిగతా పిల్లలు గులకరాళ్లతో ఆడితే నేను బేరింగు గుండ్లతో ఆడేదాన్ని. వాళ్లు గాజులు వేసుకుంటే నేను అరిగిపోయిన పిస్టన్ రింగు మోచేతి దాకా ఎక్కించుకుని తిరిగేదాన్ని. ఇంట్లో అవి తప్ప వేరే ఆటవస్తువులు ఉంటే కదా.

ఎందుకంటే మా నాయన ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే మనిషి కాదు. రాప్తాడు రోడ్డు పక్కన తుక్కుకు వేసిన జీపు ఒకటి ఉంటే, దాని ఇంజనును ఎద్దుల బండి మీద వేసుకుని వచ్చి, మా బావి గట్టున రాతి దిమ్మె కట్టి కూర్చోబెట్టి, బెల్టు తగిలించి పంపు తిప్పాడు. అంతటితో ఊరుకున్నాడా, లేదు. ఎర్రమట్టి ఇంజను లోపలికి పోయి రింగులు అరిగిపోతున్నాయని, ధర్మవరం మగ్గాల దగ్గర పారేసే పట్టు చిక్కులు మూటగట్టి తెచ్చి, నూనెలో తడిపి ఒక రేకు డబ్బాలో కూరి గాలి పీల్చే గొట్టానికి బిగించాడు. ఆ దెబ్బకు రింగులు మునుపటి కంటే చాలా కాలం నిలిచాయి. హెడ్డు దగ్గర గ్యాస్కెట్ మాటిమాటికీ కాలిపోతోందని, అమ్మ పుట్టింటి రాగి బిందెను కత్తిరించి, సాపు చేసి, కొత్త గ్యాస్కెట్ కోసుకున్నాడు. ఆ బిందె కోసం అమ్మ చాలా రోజులు నాయనకు పళ్లెం ముందు పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయేది. గ్యాస్కెట్ మాత్రం మళ్లీ కాలలేదు.

ఆ బావి మా ఒక్కరిదే కాదు, మా పెద్దనాయనతో పొత్తు. తాత పోయాక అన్నదమ్ములు చేను పంచుకున్నారు గానీ బావిని పంచుకోలేరు కదా, అందుకని వంతులు పెట్టుకున్నారు. పొద్దు పొడిచింది మొదలు నడినెత్తికి వచ్చేదాకా మాది, అక్కడినుంచి పొద్దు గూకేదాకా వాళ్లది. రాత్రి బావిని ఊరనివ్వాలి, ఎవరూ తోడకూడదు. పెద్దనాయనది కొన్న ఇంజను, మాది ముక్కలు తెచ్చి కట్టిన ఇంజను, ఆ తేడా ఆయన మాటలో ఎప్పుడూ ఉండేది. వంతులకు కాపలా అంటూ ఎవరూ లేరు, చప్పుడే కాపలా. ఎద్దులతో కపిల తోలే కాలంలో గిలక కీచుమంటే ఊరికి వినబడేది, ఇంజన్లు వచ్చాక చెప్పనే అక్కర్లేదు. జీపుతో రావలసిన సైలెన్సరు ఏనాడో తుప్పుపట్టి రాలిపోవడంతో మా ఇంజను దడదడమని అరిస్తే గుడిసెల్లో గిన్నెలు అదిరేవి. పెద్దనాయన ఊళ్లో తన ఇంటి అరుగు మీద ఆకు వక్క నములుతూ కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నిద్రపోతున్నాడనుకుంటాం. మా ఇంజను ఆగవలసిన వేళకు ఆగకపోతే, ఆ కళ్లు తెరుచుకునేవి.

మా నాయనకు ఆ అరుపు గిట్టలేదు. ఊరి కోసం కాదు, మా చెవుల కోసం అంతకన్నా కాదు. లోపల ఏ వాల్వు కొట్టుకుంటోందో, ఏ బేరింగు అరుగుతోందో వినాలంటే బయట గోల తగ్గాలి, అదీ ఆయన బాధ. ఆ ఏడాది సంక్రాంతి దాటాక, ఒక డ్రమ్ములో ఇంకో డ్రమ్ము పెట్టి, లోపలి గొట్టానికి బెజ్జాలు పొడిచి, మధ్య సందులో లేతు మిషను దగ్గర రాలే ఇనుప చుట్టలు కూరి, పొగను దాని గుండా పంపాడు. మొదట బెజ్జాలు చాలక ఇంజనుకు ఊపిరాడలేదు, నల్లగా కక్కింది, పంపు ధార సన్నబడింది. విప్పాడు, బెజ్జాలు పెంచాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. చివరకు ఒక ఉదయం నేనూ అమ్మా సంగటి, ఊరిబిండి తీసుకుని చేనికి పోతే, ఇంజను ఆగిపోయిందనుకుని అమ్మ కంగారుపడింది. దగ్గరికి పోతే గుండె కొట్టుకున్నట్టు మెత్తగా టుకుటుకుమంటోంది, కాలవలో నీళ్లు నిండుగా పోతున్నాయి. నాయన ఇంజను పక్కన గొంతుక్కూర్చుని, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. అంత సంతోషంగా ఆయనను మళ్లీ నేను చూడలేదు.

ఆ ఏడు చుట్టుపక్కల అన్ని బావుల్లోనూ ఊట తగ్గింది. ఆ సంగతి పెద్దనాయనకూ తెలుసు. తెలిసీ, తన వంతు వేళకు వచ్చి బావిలోకి తొంగిచూసి, నీళ్లు అడుక్కి పోయి ఉండటం చూసి, నాయన వైపు తిరిగాడు.

“ఓబుళేసూ, కోడి కుయ్యకముందే మొదలుపెట్టినావేమప్పా?”

“పొద్దు పొడిచినాకనే ఆడించినానన్నా.”

“ఎవురిన్నారు?”

అదివరకు ఊరంతా వినేది, ఇప్పుడు విన్నది ఆయనా నేనూ, అంతే.

తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. తను దొంగ కాదని చూపించుకోవడానికి పెద్దమనుషులను బావి దగ్గరికి పిలుచుకొచ్చి, వాళ్ల ముందు ఇంజను నడిపాడు! తన పనితనం చూస్తే మెచ్చుకుంటారని, మెచ్చుకున్నాక నమ్ముతారని ఆయన లెక్క. నిజంగానే మెచ్చుకున్నారు. ఒకాయన తువ్వాలు తీసి చెవి పక్కన చెయ్యి పెట్టుకుని, “ఏమప్పా, ఇది ఆడతాండాదా, నిలిచిండాదా?” అంటూ గొట్టం మీద చెయ్యి వేసి, చురుక్కుమని కాలితే ఎగిరాడు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ చెయ్యి కాలినాయనే వేళ్లు ఊదుకుంటూ అన్నాడు: “బలే చేసినావు గానీ ఓబుళేసూ, ఇది దొంగకు పనికొచ్చేదప్పా.”

ఇక ఎవరూ నవ్వలేదు. అమ్మ ముందుకొచ్చి, “నా కూతురు రోజూ పొద్దున్నే ఈడనే ఉంటాది, దాన్ని అడగండి” అంది. ఆ డ్రమ్ము బిగించిన మర్నాటినుంచి నేను నిజంగానే ఉన్నాను. పొద్దు పొడవకముందు నాయన హ్యాండిలు ముట్టుకున్న రోజు ఒక్కటి కూడా లేదు. నా వైపు ఎవరూ తిరిగి చూడలేదు. “ఇంటి పిల్ల ఇంటి మాటే చెప్తాది” అని పెద్దనాయన ఆకు ఉమ్మేశాడు. నన్ను చంకనెత్తుకుని జాతరకు తీసుకుపోయిన మనిషి ఆయన.

“ఆ డ్రమ్ము ఇప్పాల. ఇంజను ఆడితే ఊరికి ఇనపడాల. అంతదాకా నీకు వంతు లేదు” అని తేల్చేసి వాళ్లు వెళ్లిపోయారు.

మా చేలో వేరుశనగ అప్పుడే పూత పూసి ఊడలు దిగుతోంది. ఊడ నేలలోకి దిగితేనే కాయ, దిగాలంటే నేల తడిగా ఉండాలి. వంతు ఆగిన నాటినుంచి నేల రాయిలా గట్టిపడింది, ఊడలు మట్టిని తాకి లోపలికి పోలేక మొనలు నల్లబడ్డాయి. గట్టుకు అవతల పెద్దనాయన చేనుకు నీళ్లు పోతున్న చప్పుడు మాకు వినబడేది. అమ్మ రోజూ పోయి ఒక చెట్టు పీకి తెచ్చి నాయన ముందు పడేసేది. నాయన దాన్ని చూసేవాడు, చూసి గోడ వైపు తిరిగేవాడు. “నేను ఇప్పితే దొంగనని ఒప్పుకున్నట్టే” అనేవాడు. అదొక్కటే మాట. ఆ పంట పోతే ఏడాదంతా మాకు కూలికి పోవడం తప్ప ఇంకో దారి లేదని ఆయనకూ తెలుసు.

ఒక ఉదయం అమ్మ చీర ఎగదోపి, స్పానరు తీసుకుని తానే బావి దగ్గరికి నడిచింది. వెనకాల నేను, నా వెనకాల నాయన. ఆమె ఎప్పుడూ బోల్టు పట్టుకున్న మనిషి కాదు. చెయ్యి జారి వేళ్లు చెక్కుకుపోయాయి, అయినా ఆగలేదు.

“నువ్వు గూడా నమ్మినావా?” అన్నాడు నాయన.

“నేను నమ్మినానో లేదో శెనిక్కాయకి పనిలేదు. దానికి నీళ్లు గావాల” అంది అమ్మ, తలెత్తకుండానే.

డ్రమ్ము ఊడి పడింది. నాయన హ్యాండిలు తిప్పాడు. ఇంజను మునుపటిలాగే పిచ్చిపట్టినట్టు అరిచింది. ఊళ్లో అరుగు మీద ఆ కళ్లు తెరుచుకుని, మళ్లీ హాయిగా మూసుకుని ఉంటాయి. పంట దక్కింది, సగమైనా దక్కింది. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: “ఇప్పినాడు చూడు, మరి తప్పు లేకుంటే ఎందుకిప్పుతాడు?” విప్పకపోతే దొంగ, విప్పితే ఒప్పుకున్న దొంగ. ఇంత చక్కని న్యాయం మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

ఆ తర్వాత నాయన ఆ ఇంజనును ఏమీ బాగుచేయలేదు. పట్టు చిక్కుల డబ్బా నిండిపోయినా మార్చలేదు. మట్టి లోపలికి పోయింది, రింగులు అరిగాయి, తెల్లటి పొగ కమ్మేది, చివరికి ఒకనాడు హ్యాండిలు ఎంత తిప్పినా లేవలేదు. దాన్ని మళ్లీ తుక్కుకే వేసి, ఆయన శనక్కాయల మిల్లులో మూటలు ఎత్తే పనికి చేరాడు. అమ్మ చేసింది సరైన పనేనని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఆ ఉదయానికి నేను ఆమెను క్షమించలేదు. పెద్దనాయన సంగతి సరే సరి, ఆయన పోయినప్పుడు నేను కడచూపుకు కూడా వెళ్లలేదు.

పోయిన ఎండాకాలం ఒక పెళ్లికని ఊరికి వెళ్లాను. బావిని మట్టితో పూడ్చేశారు, దాని మీద ఎవరో కోళ్ల షెడ్డు వేసుకున్నారు. చేలల్లో ఎక్కడ చూసినా బోర్లే. భూమి లోపలెక్కడో మోటర్లు కిక్కురుమనకుండా నీళ్లు తోడుతుంటాయి, ఎవరు ఎప్పుడు ఎంత తోడుతున్నారని అడిగే నాథుడు లేడు. వంతులు లేవు, కపిల లేదు, కంపమంట చుట్టూ కూర్చునే పిల్లలు లేరు. భోజనాల దగ్గర వడ్డిస్తున్న కుర్రాడు, పెద్దనాయన మునిమనవడు, నా విస్తట్లో ఓళిగ వేస్తూ, “ఎవురమ్మాయివక్కా నువ్వు?” అన్నాడు. ఓబుళేసు కూతురినని చెప్పాను. వాడి మొహం వెలిగింది.

“ఓ, అన్న వంతు నీళ్లు దొంగగా తోడుకున్యాడంట, ఆ తాతేనా?”

“పొద్దు పొడిచినాకనే ఆడించినాడు మా నాయన” అన్నాను. గొంతు పెద్దదైంది, పంక్తిలో పక్కవాళ్లు తిరిగి చూశారు.

వాడు ఓళిగల పళ్లెం పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. “ఏం ఆడించినాడక్కా?” అని అడిగాడు.