తాతయ్యగారి కంటే ముందు రేవు దాటిన కండువా

మొన్న ముక్తేశ్వరం రేవులో ముంత మసాలా తింటూ, ఏరు దాటించే పంటు మీదకి కార్లు ఎక్కడం, పిల్లలు సెల్ఫీలు దిగడం చూస్తున్నాను. తడి ఇసుకా డీజిలూ కలిసిన వాసన మాత్రం మారలేదు. డెబ్బైల్లో ఇక్కడ లాంచీ ఎక్కినవాళ్ళకి గుర్తుందా, బస్సులోలాగే కండువా వేసి సీటు ఆపుకునేవాళ్ళం?

ఓ పెళ్ళికి వెళ్తూ మా తాతయ్యగారు అలాగే కండువా వేసి, నన్ను వెంటబెట్టుకుని టీకి ఒడ్డుకి దిగేరు. లాంచీ కండువాతో వెళ్ళిపోయింది. పెళ్ళి భోజనం పోయిందని నేను ఒకటే ఏడుపు.

లాంచీ తిరిగొచ్చింది. జనం నిలబడే ఉన్నారు, కండువా ఉన్న సీటు మాత్రం ఖాళీ.

"రానూ పోనూ ఎవరూ కూర్చోలేదండి, మీ కండువా ఉంది కదండీ," అన్నాడు లాంచీ నడిపే సరంగు.

తాతయ్యగారు కండువా తీసి, ఆ సీటులో చంటిబిడ్డతో ఉన్న ఒకావిణ్ణి కూర్చోబెట్టి, అవతలి ఒడ్డుదాకా నిలబడే వచ్చేరు.