తెల్లదాని పక్కన పచ్చ

మా పెద్దనాయన పోయినాడని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను హైదరాబాదులో, ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చొని ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రం చూస్తున్నాను. పొద్దున కాఫీ తాగి, అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడట. ఏడ్చాను. కానీ దిగులు కంటే ఆయన చేత చీవాట్లు తిన్నానన్న తృప్తే ఎక్కువగా ఉంది. అదెందుకో చెప్తాను.

ధర్మవరంలో మా నాయన మగ్గం నేస్తే, ఆయన అన్న పట్టుకు రంగులద్దేవాడు. పెళ్ళి భోజనాల్లో ఆయన చేతులు చూసి ఆ వారం ఏ రంగు చీర తయారవుతోందో ఊళ్ళోవాళ్ళు చెప్పేసేవాళ్ళు. ముడిపట్టు కొనడానికి హిందూపురం పోయేటప్పుడు ప్యాసింజర్ రైల్లో నన్నూ తీసుకుపోయేవాడు. పెనుకొండ కొండ కనబడగానే దాని మీద ఎన్ని రకాల పచ్చలున్నాయో చెప్పమనేవాడు. నేను ఎన్ని చెప్పినా, ఇంకొకటుంది చూడు అనేవాడు.

రంగు చూడటంలో ఆయనకొక పట్టింపు. అద్దిన పట్టు బాగా ఆరాక గుమ్మంలో నిలబడి చూసేవాడు. ఆ దరిదాపుల్లో తెల్లటిదేదీ ఉండకూడదు, దాని మెరుపు కంటిని మోసం చేస్తుందనేవాడు. పెద్దమ్మ ఆరేసిన పంచెలు తీసేయాల్సిందే. ఒకసారి మల్లెపూవులాంటి చొక్కా వేసుకొచ్చిన చీరల షావుకారుకు నల్ల కంబళి కప్పి మరీ రంగు చూపించాడు. నడివేసవి. పాపం, ఆయన చెమటలు కక్కుతూనే రంగు బాగుందన్నాడు.

నా పని కూడా రంగు చూడటమే. ధ్రువాల దగ్గర చలికాలమంతా సముద్రం మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. వసంతంలో ఎండ తిరిగొచ్చి మంచు వెనక్కి జరిగేకొద్దీ, కంటికి ఆనని నాచు ఒక్కసారిగా పెరిగి నీళ్ళు పచ్చబడతాయి. చిన్న పురుగుల నుంచి తిమింగలాల దాకా అక్కడ అందరి కూడూ ఆ పచ్చలోనే ఉంది. అది ఎప్పుడు మొదలవుతుందో ఉపగ్రహం తీసిన బొమ్మల్లో వెతకడం నా ఉద్యోగం. ఇది వివరిస్తే పెద్దనాయన, మన తొట్టిలో పాచి పడితే మీ పెద్దమ్మ రుద్ది పారేస్తాది, దానికి మీ ఆఫీసులో జీతమిస్తారా అని అడిగాడు.

రెండేళ్ళ కిందట, అందరూ అనుకునేదానికంటే చాలా ముందే ఆ పచ్చ మొదలవుతోందని కనిపెట్టాను. అనుకున్నాను. పరిశోధన పత్రికకు వ్యాసం పంపేముందు సెలవుకు ఊరొచ్చి, గొప్పకోసం ఆ బొమ్మ అచ్చు తీసి ఆయన చేతికిచ్చాను. తెల్లటి మంచు, దాన్ని ఆనుకొని చీర అంచులా పచ్చటి గీత. గుమ్మంలోకి తీసుకుపోయి చాలాసేపు చూసి, బొటనవేలితో మంచును మూసేశాడు.

"తెల్లదాని పక్కన పెట్టుకోని పచ్చ చూస్తాండావు కదమ్మా. ఇన్నేండ్లు నా దగ్గర ఏం నేర్చుకున్నావు?"

మంచు మెరుపు పక్క నీళ్ళ మీదికి చిందుతుందనీ, అక్కడ ఉపగ్రహం లెక్క తప్పుతుందనీ నేను చదువుకున్నదే. కానీ ఆ అంచంతా తీసేస్తే నా కొత్త సంగతి ఏమైపోతుందోనని భయపడి, పైపైన కాస్త తీసి ఊరుకున్నాను. ఆయన దగ్గర అదీ ఒప్పుకున్నాను. మూడేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుందని కూడా అన్నాను.

"కడిగితే పోయేది పోనీలేమ్మా. నిలిచిందే రంగు."

తిరిగొచ్చి కడిగాను. మంచు పక్కనున్న నీళ్ళన్నీ వదిలేస్తే, పచ్చ ముందుగానే వస్తోంది గానీ నేను చెప్పినంత ముందుగా కాదు. ఆ కాస్తే రాశాను. అచ్చయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తప్పూ పట్టలేదు. ఆ రోజు నుంచీ నాకు హాయిగా నిద్రపడుతోంది. చూపించడానికి పోతే పెద్దనాయన ఇంగ్లీషు అంతా వదిలేసి బొమ్మ మాత్రం చూశాడు. నాలుగుసార్లు తిప్పలు పడి, జీవితంలో చూడని ఆ సముద్రం పచ్చను ఒక పట్టు కట్టకు అద్దాడు. ఎవరడిగినా అమ్మలేదు.

దినాలకు పోయినప్పుడు ఆ కట్ట పెరట్లో దండెం మీద వేలాడుతోంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఉండగానే పెద్దమ్మ ఆయన పంచె ఉతికి తెచ్చి దాని పక్కనే ఆరేసింది. రెండడుగులు పోయి ఆగింది. వెనక్కొచ్చి పంచెను దండెం ఆ చివరికి జరిపింది.