ఎర్ర పూసలు ఎవరివి?

అసలు తప్పు నాది కాదు, మస్తాన్ గారు చెప్పిన వాక్యానిది అంటే మా ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు. సరే, మీరైనా వినండి. తిరువూరులో, పట్టపగలు, ఫ్యాను కింద నిలబడి నా పరువుని నేనే కర్రతో అవతలికి తోసేసిన వైనం ఇది. పూసగుచ్చినట్టు చెబుతాను. నా కొంప ముంచింది పూసలే కనక.

నేను హైదరాబాద్‌లో పెరిగినదాన్ని. నాకంటే ముందు నా కోపం పుట్టింది. మా ఇద్దరి తర్వాత ఫోను పుట్టి నా చేతికి అతుక్కుపోయింది. డిగ్రీ రెండో ఏడాది వేసవిలో మేనత్త ఇంటికి వెళ్ళానో లేదో, ఆవిడ కొడుకు, అంటే మా బావ, మొదలుపెట్టాడు.

"ఆ ఫోను పక్కనపెట్టి తినవే. ముద్ద చెవిలో పెట్టుకుంటున్నావు."

"నా చెవి, నా ముద్ద. నీకెందుకు బావా?"

"పూల్ ఆడదాం రా. ఓడిపోతే రేపు సాయంత్రం దాకా నీ ఫోను నాది. లాక్ తీసి మరీ ఇవ్వాలి."

"నువ్వోడిపోతే బైకు తాళాలు నావి. నెమలి ఊళ్ళో గుడి దాకా నేనే నడుపుతా. నువ్వు వెనకాల కూర్చుని దేవుణ్ణి తల్చుకో!"

బస్టాండు దగ్గర మేడ మీద మస్తాన్ గారి పూల్ షాపు. అక్కడ స్కోరు బోర్డు లేదు. బల్లకి పైన రెండు తీగలు, ఒకదానికి ఎర్ర పూసలు, ఇంకోదానికి పచ్చ పూసలు. ఏ బంతి ఏ గుంటలో పడుతుందో ముందే చెప్పి కొట్టాలి. పడితే ఒక పాయింటు, కర్ర చివరతో ఒక పూస అవతలికి. ముందు యాభై పూసలు అవతలికి చేరినవాళ్ళది గెలుపు.

మస్తాన్ గారు "ఎర్రవి అమ్మాయివి, పచ్చవి అబ్బాయివి" అని మొదలుపెట్టారట. అట అంటున్నానెందుకంటే, అప్పుడు నేను ఆ పూసల ఫొటో తీసి ఫ్రెండ్స్ గ్రూపులో పెడుతున్నాను. నా చెవిన పడింది ఇంతే: "ఎవరి పూసలు వాళ్ళు తోసుకో..." టింగ్! మెసేజ్.

ఆ "తోసుకో" వెనకాల "కూడదు" ఉంది. దొంగలెక్కలు లేకుండా ఎదుటివాళ్ళే తోయాలని ఆ షాపు పద్ధతి. మన తెలుగులో వద్దు, లేదు, కూడదు అన్నీ రైలుకి ఆఖరి పెట్టెలా చివర్న తగిలిస్తారు. నేను ఇంజను చూసి, రైలు వెళ్ళిపోయిందనుకుని పట్టాల మీదికి నడిచాను.

మొదటి బంతి నేనే పడేశాను. లేచి చూస్తే బావ ఎర్ర పూస తోస్తున్నాడు. ఎవరివి వాళ్ళు తోసుకోవాలి కదా, అంటే ఎర్రవి వాడివన్నమాట! బంతి నాదీ, పాయింటు వాడిదీనా? కోపం స్టవ్ మీద మరిచిపోయిన పాలలా పొంగింది. నోరు తెరిచి ఒక్కమాట బావని అడిగి ఉంటే ఈ కథే లేదు. నేను గ్రూపుని అడిగాను.

"బావ చీటింగ్!"

"అరవకు. నువ్వూ చెయ్యి. వీడియో తీసి ఉంచు," అని ఒక ఫ్రెండ్ టక్కున జవాబు.

ఎంత చక్కటి సలహా! ఫోన్‌ని కిటికీలో సోడా సీసాకి ఆనించి రికార్డింగ్ పెట్టాను. ఇక చూడాలి నా ప్రతాపం. బావ బల్ల మీదికి వంగడం ఆలస్యం, ఎర్ర పూస ఒకటి వెనక్కి, పచ్చ పూస ఒకటి ముందుకి. వాడు బంతి పడేసి "తొయ్యవే" అనేవాడు. పిచ్చి సన్నాసి, తను కొట్టి నన్ను తోసుకోమంటున్నాడు! ఒకటి తోయమంటే మూడు తోశాను. నవ్వు ఆగక చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

కౌంటరు దగ్గర మస్తాన్ గారు టీ గ్లాసు గాల్లోనే ఆపేశారు.

"అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా?"

"సూపర్‌గా ఉంది అంకుల్!"

"ఏమో తల్లీ, నీ ఆట నాకర్థం కావట్లా."

"సిటీ ఆట అంకుల్. మీకు కొత్త."

యాభయ్యో పచ్చ పూస తోసి, కర్రని గదలా భుజాన వేసుకుని అరిచాను. "గెలిచేశా! తాళాలు తియ్యి బావా!"

"పచ్చవి నావే కదే. ఇవాళ ఇంత బాగా ఎలా ఆడేస్తున్నానా అని నాకే డౌటొచ్చింది."

"ఎర్రవి నీవి! నేను కొట్టినప్పుడల్లా తోసుకోలేదూ, దొంగా!"

"నీకోసం తోశా. అదేగా రూలు."

"రూలు లేదు గీలు లేదు! నా దగ్గర సాక్ష్యం ఉంది!"

పక్కన క్యారమ్స్ ఆడుతున్నవాళ్ళని కూడా కేకేసి పిలిచి వీడియో పెట్టాను. అందులో ఒక అమ్మాయి మునివేళ్ళ మీద నడుస్తూ తన పూసలు తనే వెనక్కి లాక్కుంటోంది. బావ పూసలు ముందుకు తోస్తోంది. చున్నీ కొరుక్కుంటూ మురిసిపోతోంది. మస్తాన్ గారు రూలు మళ్ళీ చెప్పారు. ఈసారి "కూడదు" దాకా విన్నాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను గొయ్యి తీసి, పరుపు వేసి, దిండు కూడా పెట్టుకుని పడ్డాను.

"గెలవడానికి మోసం చేసినోళ్ళని చూశా గానీ, ఓడిపోడానికి ఇంత చెమటోడ్చినోళ్ళని చూళ్ళేదు," అన్నారు మస్తాన్ గారు. "బావంటే అంత ఇష్టమా తల్లీ?"

"మావయ్యకి ఫోన్ చేసి ముహూర్తం చూడమననా?" అన్నాడు బావ.

"చంపుతా!"

"చంపుదువుగానీ, ముందు లాక్ తియ్యి."

తీశాను. కన్నబిడ్డని అత్తారింటికి పంపినట్టు ఫోన్‌ని చేతిలో పెట్టాను. వాడు మొట్టమొదట చేసిన పని, ఆ వీడియోని నా ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడం. సలహా ఇచ్చిన మహాతల్లే అందరికంటే ముందు నవ్విందట!

అందుకే ఆవకాయ ముద్ద చేత్తో పట్టుకుని ఒట్టేస్తున్నాను. ఇక జన్మలో ఆటలో మోసం చెయ్యను. తప్పనిసరై చెయ్యవలసి వస్తే, ఎర్రవి ఎవరివో పచ్చవి ఎవరివో ఎదుటివాళ్ళనే మర్యాదగా అడిగి, తెలుసుకున్నాకే చేస్తాను. ఇంతకన్నా నిజాయితీగా మోసం చేసేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?